బాగుందా అని అడగకండి

మా చెల్లెలి కూతురు ఈ మధ్యే ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్‌గా చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసింది. "పెద్దమ్మా, పాఠం చెప్పుడంటె నాకు భయం లేదు. ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులు నాకే అప్పజెప్పిన్రు. వాటిని చూస్తె పరేషాన్ అయితుంది. కొందరు నోరు తెరుస్తలేరు, తెరిచినోళ్లు మూస్తలేరు. ఇన్నేండ్లు నువ్వెట్ల చేయించినవ్?" అని అడిగింది. ఫోన్లో ఏవో నాలుగు మాటలు చెప్పాను కానీ, అది జవాబు కాదని నాకే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను, ఆమె కోసమూ, ఆమెలాగా కొత్తగా చేరినవాళ్ల కోసమూ.

నా ఉద్యోగమంతా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఈ మూడు ఊళ్ల మధ్యే గడిచింది. కాలేజీల పేర్లు రాయను. ప్రమోషన్ల సంగతీ ట్రాన్స్‌ఫర్ల సంగతీ కూడా రాయను. అవి రాస్తే నాకు బీపీ, చదివితే మీకు నిద్ర. నేను మనసు పెట్టి చేసిన పని ఒక్కటే. పదహారేళ్లకు మా దగ్గరికొచ్చే పిల్లలు, పోయేముందు ఒక వస్తువు తమ బుర్రతో తయారుచేయాలి, దాని గురించి నలుగురి ముందు నిలబడి చెప్పాలి. ఆ రెండూ చేయించడం. బాగా చేయించాను. ఈమె గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అంటే అననీ. ఉన్న గొప్ప చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

మొదట్లో మాత్రం బాగా చేయించలేదు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

నర్సింహులు మార్కులు

నేను నాగర్‌కర్నూల్‌లో ఉన్నప్పటి మాట. నర్సింహులు తెలకపల్లి దగ్గరి పిల్లవాడు. వాళ్లది మెట్ట పొలం, పల్లికాయ వేసేవారు. వాడు ప్రాజెక్టుగా పల్లికాయ ఒలిచే మిషన్ చేశాడు, చేత్తో తిప్పేది. అలాంటివి బజారులో ఉన్నాయి. వాడి మిషన్‌లో మాత్రం కింది జల్లెడను జరుపుకోవచ్చు, చిన్న కాయకు ఒక సందు, పెద్ద కాయకు ఒక సందు. విత్తనానికి ఉంచుకునే గింజ పగలకూడదని ఇంట్లో వాళ్లమ్మ గొణగడం విని వాడికి ఆ ఆలోచన వచ్చింది. అందులో నా సాయం ఏమీ లేదు.

మిషన్ బాగుంది, వీడి నోరే బాగాలేదు అనుకున్నాను నేను. ఏడు పేజీల ఇంగ్లీషు ఉపన్యాసం నేనే రాసి, పదిహేను రోజులు బట్టీ పట్టించాను. పరీక్ష రోజు వాడు రెండో పేజీలో ఉండగా ఎగ్జామినర్ గారు ఆపి, "ఈ జల్లెడ ఎందుకు జరుగుతుంది బాబూ?" అని తెలుగులోనే అడిగారు. మధ్యలో అడ్డం వచ్చేసరికి వాడికి పేజీ తప్పిపోయింది. ఒక్క క్షణం బిక్కమొహం వేసి, మళ్లీ మొదటి నుంచీ అందుకున్నాడు, "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ సర్" దగ్గర్నుంచి. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆగలేక లేచి నేనే జవాబు చెప్పేశాను. తర్వాతి ప్రశ్నకూ నేనే, ఆ తర్వాతి దానికీ నేనే.

అంతా విని ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చాలా బాగా చెప్పారమ్మా. మీకు నూటికి నూరు వేస్తాను. పిల్లవాడికి ఎంత వెయ్యమంటారు?" అన్నారు.

వాడికి గట్టెక్కే మార్కులు పడ్డాయి, అంతే. చాలా ఏళ్ల తర్వాత వాడి వెల్డింగ్ షాపులో నా స్కూటీ స్టాండు అతికించుకోవడానికి పోయాను. కుర్చీ వేసి, చాయ తెప్పించి, "మేడం, ఆనాడు ఆ సారు నన్నడిగిందొక్కటే నాకు మంచిగ తెల్సింది. అదే మీరు చెప్పేసిన్రు" అని నవ్వాడు. వాడికి నా మీద కోపం లేదు. నాకే నా మీద ఉంది.

ఈదడం నేర్పమంటే భుజాన ఎక్కించుకొని ఏరు దాటించాను నేను. పిల్లలకు మాటలు రాసివ్వకండి. వాళ్ల తరఫున జవాబు చెప్పకండి. ఇది రాయడం తేలిక, ఆ గదిలో కూర్చొని నోరు మూసుకోవడం ఎంత కష్టమో మీకే తెలిసొస్తుంది. నాకు సర్వీసు అయిపోయేదాకా పూర్తిగా చేతకాలేదు.

వనపర్తి హెడ్ గారు

తర్వాత వనపర్తిలో నాకొక హెడ్ గారు దొరికారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. పిల్లలు ప్రెజెంటేషన్ ఇస్తుంటే కుర్చీని వెనక్కి తిప్పుకొని, తెరకు వీపు పెట్టి, పిల్లవాడి మొహంలోకి చూస్తూ కూర్చునేవారు. "గోడ మీద రాసింది నేను ఇంటికి పోయి చదువుకుంట. నువ్వేం చేసినవో గది చెప్పు" అనేవారు. మొత్తం విన్నాక ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. "చేసేటప్పుడు ఏం చెడిపోయింది?"

"ఏం చెడిపోలేదు సార్" అన్నాడా, అయిపోయాడే. "అంటె నువ్వేం చెయ్యలేదన్నట్టు. యాడ కొన్నవ్?" అనేవారు.

పట్నంలో డబ్బులిస్తే డబ్బాలో పెట్టి ప్రాజెక్టు ఇచ్చే దుకాణాలున్న సంగతి మీకు తెలిసిందే. రిపోర్టు కూడా వాళ్లే బైండు చేసి ఇస్తారు. అలాంటి ప్రాజెక్టును పట్టుకోవడానికి ఈ ప్రశ్నను మించింది నేను చూడలేదు. కొన్న వస్తువు ఎలా పనిచేస్తుందో పిల్లలు అప్పజెప్పగలరు. ఎక్కడ చెడిందో, ఏ బోల్టు విరిగిందో, దాన్ని చూసి ఎవరు నవ్వారో చెప్పలేరు. అప్పటి నుంచి నా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాను. చెడిపోయిన ముక్కలు తుక్కులో వేయకూడదు. ప్రెజెంటేషన్ రోజు అవీ బల్ల మీదికి రావాలి, మాట వాటితోనే మొదలవ్వాలి. మొదటి తప్పు చెప్పడం మొదలుపెట్టాక పిల్లలకు భయం పోతుంది. దాచుకోవడానికి ఇంకేమీ ఉండదు కదా.

ఆయన పద్ధతి మంచిది, నోరు మంచిది కాదు. ఆడపిల్లలు ఆయన గదిలోంచి ఏడుస్తూ బయటికొచ్చేవారు. నేను ఆయన దగ్గర పద్ధతి నేర్చుకున్నాను. నోరు ఎలాగూ నాకు ముందే ఉంది.

సువార్త తొడుగు

ఇక గద్వాల సంగతి. రిటైరయ్యే ముందు నా చివరి బ్యాచి. సువార్త అలంపూర్ వైపు ఊరి పిల్ల, మాట తక్కువ, చెయ్యి నేర్పు ఎక్కువ. జట్టులో మిగతా ముగ్గురు లెక్కలూ డ్రాయింగులూ చూసుకున్నారు. ఆలోచన, తయారీ, చెప్పడం ఈ పిల్లవి.

గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి గురించి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. విత్తనం కోసం వేసే పత్తిలో, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందు రోజు మధ్యాహ్నం చేత్తో గిల్లాలి. బొటనవేలి గోరు మొగ్గ అడుగున చుట్టూ తిప్పి, రేకులూ పుప్పొడీ కలిపి తీసేయాలి, లోపలి సన్నటి కాడ మిగలాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. గోరు లోతుగా దిగితే కాయ రాలిపోతుంది. పైపైన పోతే పుప్పొడి మిగిలి విత్తనం కల్తీ అవుతుంది. ఒక్కో మనిషి రోజుకు వందల మొగ్గలు గిల్లుతుంది. సీజను సగమయ్యేసరికి గోరు చీలిపోతుంది, అన్నం కలుపుకుంటే మంట.

సువార్త ఆ గోటికి తొడుగు చేస్తానంది. పల్చటి స్టీలు రేకుతో బొటనవేలికి టోపీలా, గోరు వైపు సన్నటి అంచు. మా వర్క్‌షాపులో ఆ పిల్ల ఆకురాయితో ఆ అంచును రాకిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ప్రాజెక్టు వానకాలం సెమిస్టర్‌లోనే పడింది కాబట్టి చేన్లో పెట్టి చూడడానికి వీలైంది. "కూలీలు వాడి బాగుందన్నారు" అని రిపోర్టులో రాసి, బైండింగు కూడా చేయించింది. నేను సంతకం పెట్టాను. పరీక్షకు ఇంకా మూడు వారాలుంది.

రిహార్సల్‌లో "మహిళా వ్యవసాయ కూలీలు" అని పదే పదే అంటోంది. "ఎవరే వాళ్లు, పేర్లు లేవా?" అన్నాను. "ఒకామె వాడింది మేడం" అంది తల దించుకొని. నాకు అనుమానం రాలేదు, ఫోటో కావాలనిపించింది. ఆదివారం ఆ పిల్లను వెంటబెట్టుకొని చేనుకు పోయాను. పోయాకే తెలిసింది, ఆ ఒకామె సువార్త తల్లి సాలమ్మ. తల్లి కూలికి పోతుందని కాలేజీలో చెప్పుకోవడం ఆ పిల్లకు ఇష్టం లేదు.

చేను గట్టు మీద

సాలమ్మ తొడుగు పెట్టుకొని మొగ్గలు గిల్లింది. సువార్త ఫోన్లో ఫోటోలు తీసింది. ఫోటోలు అయిపోయి పిల్ల నీళ్ల కోసం గట్టుకు పోగానే, సాలమ్మ చటుక్కున తొడుగు తీసి కొంగు ముడిలో వేసుకుంది. ఉత్త గోటితో పని అందుకుంది. నేను వెనకే ఉన్నానని చూసుకోలేదు.

"ఏందమ్మా, తీసేసినవ్?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. "జర మెల్లగ మాట్లాడుండ్రి మేడం, పిల్ల ఇంటది."

"పనిచేస్తలేదా?"

"చెయ్యదు మేడం. మా ఏళ్లకు కండ్లుంటయి. ఇది తొడిగితె కండ్లకు గంతలు కట్టినట్టే. గోరు ఎంత లోతుకు పోయిందో తెల్వదు. మొన్న దీంతోని గిల్లిన సాలు సగం కాయ రాలింది. రైతు ఒకటే లొల్లి."

"మరి బాగుందని ఎందుకు చెప్పినవమ్మా?"

సాలమ్మ మొగ్గ గిల్లడం ఆపలేదు. "రెండు నెల్ల సంది చేసింది మేడం. తెచ్చి నా ఏలికి అదే తొడిగింది. మంచిగుందా అమ్మా అని అడిగింది. ఏమని చెప్పాలె?" అంది.

నిజం చెప్తాను, ఒక్క నిమిషం నాకూ ఊరుకుందామనిపించింది. రిపోర్టు బైండయింది, నా సంతకం ఉంది, ఎగ్జామినర్ ఎలాగూ చేనుకు రాడు. ఈ పిల్లకు మార్కులు వస్తే ఇంజనీరింగ్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరే పరీక్షకు ధైర్యం వస్తుంది. రాకపోతే వచ్చే వానకాలం తల్లి పక్కన సాలులో నిలబడుతుంది. అది నాకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

కానీ పనికిరాని వస్తువును పనికొస్తుందని చెప్పించడానికి నేను ముప్పై ఏళ్లు ఈ ఉద్యోగం చేయలేదు. బస్సు కోసం నిలబడినప్పుడు సువార్తకు చెప్పేశాను.

పిల్ల మొహం నల్లబడింది. "అమ్మ నాతోని అబద్ధమాడిందా?" అంది. రెండు రోజులు తల్లితో మాట్లాడలేదట, వర్క్‌షాపుకూ రాలేదు. మూడో రోజు పిలిపించి కూర్చోబెట్టాను.

"తప్పు మీ అమ్మది కాదు, నీ ప్రశ్నది. మంచిగుందా అని అడిగితే ఏ తల్లి మంచిగలేదంటది? నేను రిపోర్టు చదివి ఎవరు వాడారని అడగకుండ సంతకం పెట్టిన. తప్పు నీదొకటి, నాదొకటి" అన్నాను.

"ఇప్పుడెట్ల మేడం?"

"మూడు వారాలున్నది. రిపోర్టు చింపుదాం, తొడుగు మళ్ల చెయ్యి. ఈసారి మీ అమ్మ ఒక్కతే కాదు, ఆరుగురికి ఇయ్యి. ఇచ్చి వచ్చేసెయ్. పక్కన నిలబడకు, మంచిగుందా అని అడగకు. మర్నాడు దూరం నుంచి చూడు, ఎవరి వేలికున్నది, ఎవరి కొంగులున్నది."

మీ పిల్లలకు వస్తువు గురించి నేర్పాల్సింది, నా దృష్టిలో, ఇదే. బాగుందా అని అడిగితే మన ప్రాంతంలో ఎవరూ లేదనరు. తిన్నావా అంటే తిన్నానన్నట్టే. మర్యాద అది. మర్యాదను పరీక్షా ఫలితమనుకుంటే మోసపోతారు.

రెండో తొడుగు కూడా కొంగుల్లోకే పోయింది. మూడోది కాలేజీలో తన వేలి కొలతకు చేసింది, పని చేసే వేళ్లకు బిగుసుకుపోయింది. అప్పుడు దారంతో ఆరుగురి బొటనవేళ్లు కొలిచి తెచ్చింది. నాలుగోది అసలు టోపీయే కాదు. గోటి మీద కప్పే చిన్న రేకు, వేలి చుట్టూ పల్చటి పట్టీ, అంతే. వేలి కండ మొత్తం బయటే ఉంటుంది, మొగ్గ దానికి తగులుతుంది. వేలికి కళ్లు మళ్లీ వచ్చాయి. ఆరు చేసి, ఆరుగురికి ఇచ్చి వచ్చింది.

బల్ల మీద లేనిది

పరీక్షకు ముందు రోజు ఆ ఆరింటిలో ఒకటి తెమ్మని పంపాను. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చింది.

"ఇయ్యలే మేడం. ఆలస్యంగ వేసిన చేన్లల్ల ఇంక గిల్లుడున్నదట. రేపు రాపో, ఎల్లుండి రాపో అంటున్నరు. మా అమ్మ గూడ ఇయ్యలే."

"ఒక్కటన్న గుంజుకొని రాకపోతివానే! వర్కింగ్ మోడల్‌కు విడిగ మార్కులుంటయి!" అని అరిచాను. ఇంకొకటి చేద్దామంటే ఆ సాయంత్రం కరెంటు పోయింది, మళ్లీ పరీక్ష టైముదాకా రాలేదు. ఇలాంటివి మన చేతిలో ఉండవు.

మర్నాడు మధ్యాహ్నం బల్ల మీద సువార్త మూడు ముక్కలు పెట్టింది, మూడూ చెడిపోయినవే. పక్కన నాలుగు పచ్చి మొగ్గలు పెట్టుకుంది. ఎగ్జామినర్ గారు వేరే జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన, నిదానస్తుడు. పిల్ల మొదటి ముక్కను చేతిలోకి తీసుకుంది.

"సార్, ఇది నేను చేసిన మొదటి తొడుగు. ఇది పనిచేస్తదని మా అమ్మ నాకు చెప్పింది. మా అమ్మ సీడ్ పత్తిల కూలి చేస్తది. నా మనసు నొప్పియ్యొద్దని అట్ల చెప్పింది. అది పనిచెయ్యలే" అంది.

'మా అమ్మ' అన్న మాట వినగానే నా కళ్లు చెమర్చాయి. ఆ మాట అనమని నేను చెప్పలేదు. ఆ తర్వాత పిల్ల ఆగలేదు. మొదటి తొడుగు పెట్టుకొని ఒక మొగ్గను గిల్లి, కాడ ఎక్కడ తెగిందో చూపించింది. మూడోది వేలికి ఎందుకు పట్టలేదో దారం ముక్కలు పక్కపక్కన పెట్టి చూపించింది. నాలుగోదాని బొమ్మ బోర్డు మీద సుద్దతో గీసింది. ముప్పై ఏళ్లలో నేను విన్న వాటిలో ఇంత మంచి ప్రెజెంటేషన్ ఇంకొకటి లేదు. ఇంగ్లీషు మాటలు అవసరమైన చోట వచ్చాయి, మిగతాదంతా వాళ్లింటి మాటే.

ఎగ్జామినర్ గారు మార్కుల కాగితం చూసుకున్నారు. "అంతా బాగుందమ్మా. కానీ పనిచేసే వస్తువేది? అది చూడకుండా ఈ గడిలో నేనేం రాయను?"

నేను లేచాను. "సార్, అసలు ఏమైందంటే..."

"మీరు ఆగుండ్రి మేడం. నేను చెప్త" అంది సువార్త.

నేను కూర్చున్నాను. ముప్పై ఏళ్లకు కూర్చున్నాను.

"ఆరు చేసిన సార్. ఆరూ చేన్లనే ఉన్నయి. అడిగితె ఎవ్వరు ఇస్తలేరు" అంది.

ఆయన గడ్డం గీరుకున్నారు. "ఒకరికి ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు."

సువార్త తల్లికే చేసింది. ఎగ్జామినర్ గారు ఫోన్ దగ్గరికి వంగి, "అమ్మా, నేను పరీక్ష సారును. మీ పిల్ల చేసిన తొడుగు..." అంటుండగా సువార్త చెయ్యి అడ్డం పెట్టింది. "సార్, మంచిగుందా అని అడగొద్దు. అడిగితె మంచిగుందనే అంటది. తిరిగి ఇయ్యమని అడుగుండ్రి" అంది గుసగుసగా.

ఆయన ఆ పిల్ల వంక ఒకసారి చూసి, ఫోన్లో అన్నారు. "అమ్మా, ఆ తొడుగు మాకు కావాలె. ఇక్కడ కాలేజీల పెట్టుకుంటం. రేపు పంపిస్తవా?"

"మా పిల్ల మంచిగ చెప్పిందా సారూ?"

"చెప్పింది. తొడుగు పంపిస్తవా మరి?"

 అవతల చేన్లో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"ఇయ్య సారూ. ఇంక మూడు సాళ్లున్నయి నాకు. మా పిల్లకు చేసుడొచ్చు గద, ఇంగొకటి చేసుకొమ్మనుండ్రి" అంది సాలమ్మ. ఫోన్ పెట్టేసింది.

ఎగ్జామినర్ గారు కలం తీసి ఆ గడిలో పూర్తి మార్కులు వేశారు. నేనే చూశాను, సువార్త చూడనే లేదు. "ఇన్నరా మేడం? మా అమ్మ ఇయ్యనన్నది! నాకు ఇయ్యనన్నది!" అని ఆ గదిలోనే నా రెండు చేతులూ పట్టుకొని ఎగిరింది.